పారేసిన రాతికడ్డీలు

డ్రిల్లు మిషను బయటికి తీసిన గుండ్రటి రాతికడ్డీని, నాకు సాయంగా పెట్టిన క్వారీ కూలీ ఆవిడ కడిగి, నీడలో పెట్టి, ఆరేదాకా కదలకుండా చూసేది. రాయంతా ఆరినా పగులున్న చోట తడి సన్నటి గీతలా మిగిలేది. దాని మీద వేలు పెట్టి నన్ను పిలిచేది. కోటబొమ్మాళి అవతల ఒక గ్రానైట్ క్వారీలో, నా పరిశోధనకు నమూనాలు తీస్తున్న రోజులవి.

రాయి ఎంత బరువు మోస్తుందో ల్యాబులో పరీక్షించాలంటే పగుల్లేని కడ్డీలే కావాలి. మిగతావి పారేయించేదాన్ని. ఒకరోజు ఆవిడ అడ్డుపడింది.

"ఏటమ్మీ, అన్నీ పారేస్తన్నావు? ఇయ్యి మాత్రం ఈ కొండవి కావేటి?"

"వీటిని మిషన్లో పెట్టలేమమ్మా."

"అయితే ఎన్ని పారేసినావో అదైనా కాయితమ్మీద ఎక్కించు."

సరేనన్నాను. ఎక్కించలేదు. అన్ని కడ్డీల్లో పగుళ్లున్నాయని తెలిస్తే మా గైడు మళ్లీ తీయమంటారని భయం. గట్టి కడ్డీల ఫలితాలే రిపోర్టులో రాసి, క్వారీకీ ఒక కాపీ ఇచ్చాను. దాన్ని చూసి కొండరాయంతా గట్టిదని నమ్మి, వాళ్లు క్వారీ రాతిగోడను ఇంకా నిటారుగా కోశారు. వానల్లో గోడ అంచు విరిగి, కింద పనిచేస్తున్న ఆవిడ కాలు మీద పడింది. కాలు తీసేశారు.

తప్పు ఒప్పుకోవాలనే ఆవిడ ఇంటికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకుంది.

"సదువు పూర్తయిపోనాదా అమ్మీ? పట్టా వచ్చీసినాదా?"

వచ్చిందన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. కోడల్ని కేకేసి టీ పెట్టమంది.

ఆ టీ తాగి, ఏమీ చెప్పకుండానే వచ్చేశాను.