బర్రె, నాపరాళ్లు, జర్మనీ వీసా

ఆళ్లగడ్డ శేషయ్యకు నమ్మకం తప్ప అన్నీ ఉన్నాయి. నల్లరేగడి పొలం ఉంది, మిద్దె ఇల్లు ఉంది, పిలిస్తే పలికే చుట్టాలున్నారు. నమ్మకం ఒక్కటే లేదు. బస్సుకు నంద్యాల అని బోర్డు ఉన్నా సరే, ముందు కండక్టర్‌ను అడుగుతాడు. కండక్టర్ అవునంటే, వాళ్లిద్దరూ కూడబలుక్కునే వ్యవధి ఇవ్వకుండా చటుక్కున ముందుకెళ్లి డ్రైవర్‌ను విడిగా అడుగుతాడు. ఇద్దరి మాటా ఒకటే అయితే, "ఏదో ఉండాది" అని గొణుక్కుంటూ ఎక్కి కూర్చుంటాడు.

ఈ గుణం అతనికి సేద్యంలోంచి వచ్చింది. ఆ పక్క రైతులు విత్తనాలు కొంటే పిడికెడు తీసి తడి గోనెపట్టాలో చుట్టి పెడతారు. మొలకొస్తేనే పొలంలో వేస్తారు. తెలివైన పనే. శేషయ్య ఆ తెలివిని విత్తనాల దగ్గర ఆపలేదు. మనుషుల్ని, మందుబిళ్లల్ని, పెళ్లి భోజనాల్ని కూడా గోనెపట్టాలో చుట్టి చూడాలంటాడు. వంటవాడు తినడం కళ్లారా చూస్తే తప్ప పంక్తిలో కూర్చోడు.

తన పెళ్లిచూపులకు కూడా మచ్చు చూశాడు. బర్రెను కొనడానికి వచ్చినవాడిలా పిల్ల ఊరికి ముందే పోయి, వీధివీధీ తిరిగి విచారించాడు. పిల్ల మంచిదని తేలింది. అయితే బేరం నిజమనుకున్న ఊరివాళ్లు అతన్ని వదల్లేదు. చివరికి బర్రెను తోలుకుని ఆళ్లగడ్డ చేరాడు. "నాకంటే ముందు ఈ ఇంట్లో కాలు పెట్టింది మా ఊరి బర్రె" అని అతని భార్య నరసమ్మ నేటికీ వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది.

అప్పటినుంచీ అదే వరుస. విచారించడానికని పోతాడు, ఏదో ఒక బేరం పెట్టుకుంటాడు, ఆ సరుకు మోసుకుని వస్తాడు.

అలాంటి శేషయ్యకు, అతని ఇంట్లోనే ఉండే చెల్లెలు ప్రమీలమ్మ కూతురు హిమజ నంద్యాల నుంచి ఫోన్ చేసింది. ఆమె అక్కడ ఒక ఆస్పత్రిలో నర్సు. పగలంతా డ్యూటీ, సాయంత్రం జర్మన్ భాష క్లాసు. తల ప్రాణం తోకకొచ్చాక పరీక్ష గట్టెక్కింది, జర్మనీలో ఉద్యోగమూ వచ్చింది.

"ఉద్యోగమొచ్చింది మామా!"

"ఎవురిచ్చినారు?"

"జర్మనీలో ఒగ ఆస్పత్రి."

"వాళ్లకు ఆడ మనుషులు లేరా?"

"నర్సులు తక్కువున్నారంట."

"ఏమైనారు?"

ఆ ప్రశ్నకు భాషా పరీక్షలో జవాబు లేదు.

"ఏదో ఉండాది" అన్నాడు మామ.

మార్చి మొదటికల్లా వచ్చి చేరాలని ఆస్పత్రివాళ్ల షరతు. ఆలోగా వీసా రాకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. హిమజ వేళ్లమీద రోజులు లెక్కపెట్టుకుంటోంది. ప్రమీలమ్మేమో "మా అన్న సరే అంటేనే" అని కూర్చుంది. నమ్మకమనే మాట తెలియని మనిషి చేత సరే అనిపించాలి. దానికంటే జర్మన్ వ్యాకరణం నయం.

డిసెంబరులో ఆ ఆస్పత్రి పెద్ద నర్సు వీడియో కాల్‌లో మాట్లాడింది. పక్కనే కుర్చీ వేసుకుని శేషయ్య కూర్చున్నాడు. కాసేపు చూసి మేనకోడలి చెవిలో చెప్పాడు.

"కిటికీ తెరిచి చూపీమను."

"ఎందుకు మామా?"

"ఆమె యాడుందో ఎట్ల తెల్సు? హైదరాబాదులో గది బాడుగకు తీసుకోని మాట్లాడుతాందేమో."

హిమజ సిగ్గుతో చచ్చిపోతూ, మా మామకు మీ ఊరు చూడాలని సరదా అని చెప్పింది. పాపం ఆ మహాతల్లి నవ్వి, ఫోన్‌ను కిటికీ వైపు తిప్పింది. బయట మంచు కురుస్తోంది. తెల్లగా, మెత్తగా, తెరలు తెరలుగా. హిమజ మనసు నిండిపోయింది.

శేషయ్య కళ్లు చిట్లించాడు. "పత్తి" అన్నాడు.

"అది మంచు మామా!"

"పైనుంచి ఎవురో పత్తి పోస్తాండారు. నలభై ఏండ్లు పత్తి పండిచ్చినోన్ని, నాకు తెలీదా?"

తర్వాత నంద్యాలలో వీసా కాగితాలు చూసిపెట్టే అజయ్ కుమార్ ఆఫీసు వంతు వచ్చింది. అజయ్ కుమార్ మర్యాదస్తుడు. కుర్చీ వేసి, టీ తెప్పించాడు. శేషయ్య టీ ముట్టలేదు, గోడలు చూశాడు.

"ఏమప్పా, పాత క్యాలెండర్లు యాడ?"

"పాతవి ఎందుకు పెద్దాయనా? పారేస్తాం."

"నిలబడే అంగట్లో పోయినేడుది, అంతకు ముందేడుది ఒగదానిమీద ఒగటి ఉంటాయి. నీ గోడకు కొత్తది ఒగటే ఉండాది. నువ్వు ఎప్పుడొచ్చినావ్, ఎప్పుడు పోతావ్?"

పక్కవారం వెళ్లేసరికి అజయ్ కుమార్ ఎక్కడెక్కడో వెతికి పాత క్యాలెండర్లు వరుసగా తగిలించి పెట్టాడు. శేషయ్య దగ్గరికెళ్లి చూశాడు. "మేకులన్నీ కొత్తవే" అన్నాడు. అజయ్ కుమార్ తల పట్టుకున్నాడు.

అంతటితో పోయినా బాగుండేది. "ఏదీ, ఒగసారి చూసిస్తా" అని హిమజ పాస్‌పోర్టు తీసుకున్నవాడు తిరిగి ఇవ్వలేదు. బనీనుకు కుట్టించుకున్న లోపలి జేబులో, పొలం పాసుపుస్తకం పక్కన పెట్టుకున్నాడు.

"మచ్చు చూసినాక ఇస్తాలే" అన్నాడు.

"ఉద్యోగానికి మచ్చేంది మామా?"

"ఉంటాది."

హిమజకు ఏడుపొక్కటే తక్కువ. "దిగినాక ఆడ నాకు తెల్సినోళ్లు ఎవురూ ఉండరని నేనే భయపడి చస్తాంటే, నువ్వు ఇంకా భయపెడ్తాండావ్" అంది. మరునాడు శేషయ్య ఇంట్లో చెప్పకుండా ఎటో పోయాడు.

సాయంత్రానికి ప్యాపిలి నుంచి గంపెడు టమోటాలతో దిగాడు. రెండు రోజులు పోయాక జూపాడు బంగ్లా నుంచి మూటెడు మిరపకాయలు తెచ్చాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఇంటి ముందు ట్రాక్టర్ ఆగింది. అందులో కొలిమిగుండ్ల నాపరాళ్లు, వాటిమీద శేషయ్య.

"ఇవి యాడ పరుస్తావ్?" అని నరసమ్మ అడిగింది.

"పరుస్తాంలే యాడనో."

"ఏం విచారించనీకి పోయినావ్?"

"ఏం లేదు."

ఏం లేదన్నాడంటే ఏదో ఉందని నరసమ్మకు తెలుసు. హిమజకూ అనుమానం పట్టుకుంది. ఈ మనిషి ఊరూరా తిరిగి, జర్మనీ పోయి చెడిపోయినవాళ్ల కథలు పోగుచేస్తున్నాడని, వాటిని అమ్మ ముందు గుమ్మరించి వీసా ఆపేస్తాడని. రోజూ డ్యూటీలో ఉండగానే ఇంటికి ఫోన్ చేసి, "మామ ఈపొద్దు యాడికి పోయినాడు? ఏం తెచ్చినాడు?" అని ఆరా తీయడం మొదలుపెట్టింది. తనూ ఆ ఇంటి పిల్లే కదా.

వీసా దరఖాస్తు ఇచ్చే రోజు హైదరాబాదుకు శేషయ్య కూడా వచ్చాడు. పాస్‌పోర్టు అతని జేబులో ఉంది, కాబట్టి వద్దనే దారి లేదు. వీసా కేంద్రం గుమ్మం దగ్గర హిమజ చెయ్యి చాచింది.

"ఇయ్యి మామా. లోపల ఇచ్చి రావాల."

"ఇచ్చి వచ్చేదా? చూపిచ్చి తెచ్చుకునేది కాదా?"

"వాళ్లే పెట్టుకుంటారు. మనకు రసీదిస్తారు. వీసా వేసి కొరియర్‌లో పంపుతారు."

శేషయ్య మొహం మాడిపోయింది. "ఒరిజినల్ వాళ్లకిచ్చి చీటీ తీస్కోని ఇంటికి పోయేదా? పాసుపుస్తకం ఎవురన్నా అట్ల ఇస్తారా?"

లోపల హిమజ పేరు పిలిచే వేళైంది. వాచ్‌మన్ తొందరపెడుతున్నాడు. హిమజకు ఇన్నాళ్లూ దిగమింగుకున్నదంతా పొంగుకొచ్చింది.

"నీకు నామీద గూడా నమ్మకం లేదా మామా?"

శేషయ్య దెబ్బ తిన్నవాడిలా చూశాడు. నలుగురిలో చొక్కా గుండీలు విప్పి, లోపలి జేబులోంచి పాస్‌పోర్టు తీసి, పంచె కొంగుతో ఒకసారి తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"నీమీద ఉండాదిలేమ్మే. నీ చుట్టూ ఉండేవాళ్ల మీదనే లేదు."

హిమజ కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది. ఆ మాట గురించి ఆలోచించే తీరిక అప్పుడామెకు లేదు.

ఫిబ్రవరిలో కొరియర్ వచ్చింది. పాస్‌పోర్టులో వీసా అతికించి ఉంది. హిమజ ఎగిరి గంతేసింది. శేషయ్య దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు, వాసన చూశాడు, గోటితో అంచు గీకబోయాడు. హిమజ పెట్టిన కేకకు దొడ్లో బర్రె కూడా అరిచింది.

"సరే" అన్నాడు చివరికి. ఆ ఇంట్లో ఆ మాట అతని నోట వినడం అదే మొదలు. ప్రమీలమ్మ భయపడి నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

జర్మనీలో విమానం దిగేసరికి బయట ఒకటే మంచు. తీసుకుపోవడానికి రావలసిన ఆస్పత్రి మనిషి లేడు. రైళ్లు ఆలస్యమని బోర్డు మీద ఉంది. ఫోన్ పనిచేయడం లేదు. పెట్టెల పక్కన నిలబడి హిమజ అటూ ఇటూ చూస్తోంది. అప్పుడు కనిపించింది, స్తంభం చాటునుంచి ఒక పిల్ల తనవైపే అనుమానంగా చూస్తూ. హిమజ చేతిసంచి గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల రెండడుగులు వేసి ఆగింది.

"నువ్వు ఆళ్లగడ్డ హిమజవేనా?"

తెలుగు మాట వినేసరికి హిమజ సంచి మీద పట్టు సడలించింది. "అవును. మీరెవురు?"

"ఆగు, అట్లనే నిలబడు. నువ్వే హిమజవని నేనెట్ల నమ్మేది? ఒగ ప్రశ్న అడిగి, జవాబు సరిగ్గా చెప్తేనే దగ్గరికి పొమ్మన్నాడు మీ మామ. మీ అత్త కంటే ముందు మీ మామ ఇంట్లో కాలు పెట్టిందెవురు?"

హిమజ ఆ విమానాశ్రయం అంతా మోగేలా అరిచింది.

"బర్రె!"

ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి కావలించుకుంది. పేరు వినీత. కొలిమిగుండ్ల. ఏడాదిగా, హిమజ చేరబోయే ఊరికి పక్క ఊళ్లోనే ఆస్పత్రి నర్సు. వాళ్ల నాయనది నాపరాళ్ల వ్యాపారం.

"మీ మామ మా నాయన దగ్గర రాళ్ల బేరానికొచ్చి, రాళ్లు చూడకుండా నా గురించి అడుగుతాండాడంట. పిల్ల ఆడ సుఖంగా ఉందా, జీతం ఇస్తాండారా, సెలవిస్తాండారా అని. మా నాయనకు అనుమానమొచ్చి, రాళ్లు కొంటేగాని నంబర్ ఇయ్యనన్నాడు. కొనేసినాడు! ఆ దినం నుంచి నాకు రోజూ ఫోనే. మా పిల్లకు ఆడ ఎవురూ లేరంట, భయపడ్తాంది, నువ్వు పోవాల అని. పోతానన్నా గూడా నమ్మల్యా. స్టేషన్‌లో రైలెక్కినాక ఫోటో పంపించుకున్నాడు."

ప్యాపిలి టమోటాలు, జూపాడు బంగ్లా మిరపకాయలు ఎందుకో హిమజకు అప్పుడర్థమైంది. మామ ఊరూరా తిరిగింది వీసా ఆపడానికి కాదు, జర్మనీలో తోడుండే ఇలాంటి పిల్లను వెతకడానికి. మామ మీద పెట్టుకున్న అనుమానం తలుచుకుని సిగ్గేసింది, ముద్దొచ్చాడు కూడా.

వినీత ఫోన్‌లోనే ఆళ్లగడ్డకు వీడియో కాల్ చేశారు. తెర నిండా శేషయ్య మొహం, వెనక కొత్త నాపరాళ్లు పరిచిన బర్రెల కొట్టం. హిమజ తలుపు బయటికి వెళ్లి పిడికెడు మంచు తీసుకుని కెమెరా ముందు పెట్టింది. అది కరిగి వేళ్లసందుల్లోంచి కారింది.

"చూసినావా మామా? పత్తి కాదు. ఇప్పుడన్నా నమ్మినావా?"

శేషయ్య పైపంచెతో మొహం తుడుచుకునే నెపంతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ పిల్లను నమ్మినా" అన్నాడు. "దేశం సంగతి తర్వాత చూస్తాం."