లోపలి మాట

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేను డోన్‌లో స్కూల్ ఫైనల్ చదువుతున్నాను. ఒకరోజు ఇంగ్లీషు మాస్టారు ప్యాసివ్ వాయిస్ చెప్పారు. “దొంగ పట్టుబడ్డాడు అంటే చాలు. పట్టుకున్నది పోలీసులని అందరికీ తెలుసు, చెప్పక్కర్లేదు,” అన్నారు. నాకది నచ్చలేదు. చేసినవాళ్ల పేరు మింగేశారంటే ఏదో మతలబు ఉండే ఉంటుందని నా అనుమానం.

సాయంత్రం ఇంటికి రాగానే జేజి, అంటే మా నాయనమ్మ, అంది: “నిన్ను కర్నూలు కాలేజీకి పంపొద్దనుకున్యారు పాపా.”

“ఎవరనుకున్యారు?”

“అనుకున్యారంతే.”

నాకు ఒళ్లు మండింది. హాస్టల్లో పెట్టి చదివిస్తానని మాటిచ్చిన నాయనను నిలదీశాను. “పెద్దాయన మాట,” అని తప్పించుకున్నాడు. పెద్దాయనంటే మా తాత. అరుగు మీద వక్కాకు నములుతున్న ఆ జేజినాయన దగ్గరికి పోయాను.

“నన్నడుగుతావేం? మాట లోపల్నుంచి వచ్చినాది,” అన్నాడు.

లోపల ఉండేది జేజి, అమ్మ, పుట్టింటికి తిరిగొచ్చేసిన మా మేనత్త. మా ఇంట్లో కోడలు మామ ఎదుట గొంతు విప్పకూడదు. అమ్మ ఏం చెప్పాలన్నా తలుపు వెనక నిలబడి నాతో అనేది, నేను జేజినాయనకు అందించేదాన్ని. అందుకే అమ్మ మీదికి నా అనుమానం పోలేదు. నా చదువంటే అత్తకు కడుపుమంట అనుకున్నాను. జొన్నలు చెరుగుతుంటే వెళ్లి ముఖానే అడిగేశాను.

“నోరు నాదేనే, మాట నాది కాదు. మీయమ్మ చెప్పమనింది, చెప్పినా,” అంది అత్త.

అమ్మ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. నా వైపు చూడలేదు.

“నేనే అన్యా. నువ్వు పోతే ఈ ఇంట్లో నేనెవరితో మాట్లాడేది?”

ఏడుపొచ్చింది. కోపం మాత్రం తగ్గలేదు. అన్ని మాటలూ నా చేత చెప్పించిన మనిషి, ఈ ఒక్కటీ అత్త చేత చెప్పించింది.

మా గొడవ అరుగు దాకా వినబడినట్టుంది. “ఏమంటాండారు లోపల? ఏదో ఒకటి తేల్చండి,” అని జేజినాయన కేకేశాడు.

అమ్మ ఎప్పటిలాగే తలుపు వెనక్కి వచ్చి నిలబడి, నా చెయ్యి పట్టుకుంది. నేను ఆమె ముఖం చూడకుండా గట్టిగా చెప్పాను: “అమ్మ నన్ను కర్నూలు పంపమంటాంది జేజినాయనా.”

కాదనాలంటే ఆమె మామ ఎదుట నోరు తెరవాలి. తెరవలేదు. నా చెయ్యి వదిలేసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ ఏడు నన్ను కాలేజీలో చేర్చారు. అమ్మ ఆ రోజు నోరు తెరవలేకపోయిందో, కావాలనే తెరవలేదో, ఆమె ఉన్నన్నాళ్లూ అడిగే ధైర్యం నాకు రాలేదు.