తెల్ల టేపు దగ్గర ఆగిన చెయ్యి

మా పక్కింటి అంకుల్ పోయారు. ఆ ఉదయం నేను ఆఫీసుకు వెళ్తూ జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో రైలు మారుతుంటే, పదహారేళ్ల మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, అంకుల్ డోర్ ఓపెన్ చెయ్యట్లేదు. టీవీ ఆన్‌లోనే ఉంది" అంది. ఆయనకు చెవుడు. తలుపు కొడితే వినిపించదు కాబట్టి, బెల్ నొక్కగానే హాల్లో ఎర్ర లైటు వెలిగేలా పెట్టుకున్నారు. "లైట్ వెలుగుతోంది అమ్మా, విండోలోంచి కనిపిస్తోంది. అంకులే రావట్లేదు." రాఫెల్స్ ప్లేస్ వెళ్లే రైలు వదిలేసి వెనక్కి బయల్దేరాను. నేను చేరేసరికి మా అమ్మాయి ఇంకా ఆ బెల్ నొక్కుతూనే ఉంది. నిద్రలోనే పోయారని తర్వాత డాక్టరు చెప్పారు.

నాకూ అంకులే, మా అమ్మాయికీ అంకులే. ఈ ఊళ్లో వరసలు అంతే. మలేషియాలో పుట్టిన తెలుగు మనిషి. ముత్తాతలు విశాఖ వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి ఓడెక్కినవాళ్లు. ఈయన చదువుకని ఇంగ్లండు వెళ్లి, అక్కడే చాలా ఏళ్లు పనిచేసి, చివరికి ఈ ఊళ్లో యూ టీ అనే పేటలో మా పక్క ఫ్లాట్‌లో ఒంటరిగా స్థిరపడ్డారు.

మా పరిచయం తగువుతోనే మొదలైంది. ఆయన టీవీ మోతకు మా వంటింట్లో గిన్నెలు అదురుతుంటే ఒళ్లుమండి వెళ్లి బెల్ కొట్టాను. నేను అరుస్తుంటే నా పెదవులే చూస్తూ నిలబడ్డారు.

"ఏటమ్మా, సౌండు ఎక్కువైపోనాదా? నాకు తెలవదు. నా సెవి మీద నాకు నమ్మకం లేదు. ఎంతుండాలో రోజూ నువ్వే సెప్పాల."

మాటవరసకు అన్నారనుకున్నాను. మర్నాడు సాయంత్రం నిజంగానే రిమోట్ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. "ఇయ్యాల ఎంత?" అన్నారు. ఆరేళ్ల పాటు రోజూ అదే ప్రశ్న. నాకు చిరాకేసిన రోజులున్నాయి, దాచుకోను. ఇప్పుడు ఆ వేళకి గుమ్మం ఖాళీగా ఉంటే తోచడం లేదు.

ఆయన ఇంగ్లండులో చేసిన పని ఏమిటో మాకు చాలాకాలం తెలియదు. ఒకసారి కింద తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లో టీ తాగుతూ ఆయనే చెప్పారు. ఇద్దరు ఇంగ్లీషు కుర్రాళ్లు, బడి స్నేహితులు. సైకిల్ షాపు మీద అద్దెగదిలో శబ్దాలు పుట్టించే రెండు యంత్రాలూ ఒక టేపు రికార్డరూ పెట్టుకుని డాన్సు సంగీతం మొదలుపెట్టారు. గిటారు లేదు, పాడేవాళ్లు లేరు. ఇది పాటా, ఫ్యాక్టరీయా అని ఊరంతా నవ్విందట. కొన్నేళ్లకు ఆ ఊరి బయట మైదానంలోనే వేలమంది వాళ్ల యంత్రాలకు ఎగిరారు. తర్వాత వచ్చినవాళ్లంతా వాళ్లు వేసిన దారిలోనే నడిచారని చెప్పేటప్పుడు అంకుల్ గొంతులో గర్వం తెలిసేది. ఆ ఇద్దరూ మొహాలు కనబడకుండా దీపాల వెనక నిలబడేవారు. మైదానం మధ్యలో, శబ్దాన్ని పెంచే, తగ్గించే బల్ల దగ్గర మా అంకుల్ నిలబడేవారు.

ఆ పనిలో ఒక మాయ ఉంది. గంటసేపు పెద్ద శబ్దం విన్న చెవి అలిసిపోతుంది. అలిసిన చెవికి అంతా చిన్నగా వినిపిస్తుంది. చిన్నగా ఉందని పెంచుతాం. చెవి ఇంకా అలిసిపోతుంది. నొప్పి ఉండదు, రక్తం కారదు. ఎవరూ ఏమీ గమనించరు.

"ఆళ్లిద్దర్లో ఒకడు స్టేజీ మీంచి బొటనేలు ఎత్తేవోడు, పెంచమని. నేను పెంచేసేవోణ్ని. నాకూ సిన్నగానే ఇనబడేది మరి. ఊరూరా అంతే. ఆకర్రోజున ఆట అయిపోనాది. దీపాలారిపోనాయి. మైదానమంతా సప్పట్లు. ఆడు కిందికొచ్చి నా సెవిలో నోరెట్టి అడిగాడమ్మా, ఈళ్లెందుకు సప్పట్లు కొట్టట్లేదు, మన ఆట నచ్చలేదా అని."

ఆ జంట మళ్లీ స్టేజీ ఎక్కలేదు. అంకుల్ తన కుడిచేతి చూపుడువేలు చాలాసేపు చూసుకున్నారు. "పెంచిన ఏలు ఇదే" అన్నారు.

అలాంటి మనిషి దగ్గరికి మా అమ్మాయి పదమూడో ఏట సంగీతం నేర్చుకుంటానని వెళ్లింది. మొదట వద్దన్నారు. అది ఊరుకునే రకం కాదు. చివరికి ధ్వనిని సరిచేసే ఒక చిన్న మిక్సర్ తీసి, పాట పెట్టి, నన్ను పిలిచి, నా చేత మామూలు గొంతుతో మాట్లాడిస్తూ శబ్దం పెంచే మీట కొంచెం కొంచెంగా పైకి జరిపారు. నేను గొంతు పెంచాల్సి వచ్చిన చోట ఆగి, కాస్త వెనక్కి తగ్గి, పెన్సిల్‌తో గీత గీసి, దానిమీద తెల్ల టేపు అంటించారు. నా చెవితో గీసిన గీత అది. మీట టేపు దాటకూడదు, గంట దాటకూడదు. వంటింటి గడియారం మోగగానే మా అమ్మాయి లైటు వేసి చూపించేది. "సుడా" అనేవారు ఆయన, ఆ మలయ్ మాటకు ఇక చాలని అర్థం. వెంటనే ప్లగ్ పీకేసేవారు. పాట మధ్యలో ఉన్నా సరే.

"అలిసిపోయిన సెవి అబద్దమాడతాదమ్మా" అని నాతో అనేవారు. "నేనెల్లిపోనాక దీని సెవులకి నువ్వే కాపలా."

పోయాక ఆయన చెల్లెలు మలేషియాలోని జొహోర్ నుంచి వచ్చి ఫ్లాట్ ఖాళీ చేస్తూ, ఆ మిక్సర్ మా అమ్మాయికి ఇచ్చారు. అది రోజూ గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దాని ముందే కూర్చునేది. దుఃఖం దానిలోనే తీర్చుకుంటోందని నేనూ తలుపు తట్టలేదు. మూడు వారాలు తట్టలేదు. ఆయన ఆరేళ్లు రోజూ మా గుమ్మంలోకి వచ్చి అడిగిన మనిషి, నేను పక్కగదిలోకి వెళ్లి అడగలేకపోయాను.

ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే టేపు చోటు మారి కనిపించింది. పెన్సిల్ గీత కింద ఉండిపోయింది, టేపు వేలెడంత పైన ఉంది.

"ఎవరు మార్చారే?"

"నేనే," అంది ఈ ఊరి యాసలో. "టూ సాఫ్ట్ లా అమ్మా. అంకుల్ ఉన్నప్పుడు ఇంకొంచెం పెద్దగా వినిపించేది."

టేపు ఊడదీసి ఆయన గీత మీదే మళ్లీ అంటించాను. రెండు రోజులకు అది మళ్లీ పైన ఉంది.

సోమవారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. అంకుల్ ఉంటే నాకు ఇంకా ముందే చెప్పేవారు. ఆయనకు నేను చెప్పుకోగలిగిన కృతజ్ఞత ఒక్కటే, ఆయన భయాన్ని నా భయం చేసుకోవడం. నిన్న సాయంత్రం, ఆయన రిమోట్‌తో వచ్చే వేళకి, మా అమ్మాయి గది తలుపు తీశాను. కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. పేరు పెట్టి పిలిచాను. మళ్లీ పిలిచాను. చప్పట్లు కొట్టాను, ఒకసారి, రెండుసార్లు. అది తిరగలేదు. హెడ్‌ఫోన్స్ దాని మెడలో వేలాడుతున్నాయి.