పంక్చరు వేసిన శ్రుతిపెట్టె

పక్కింటి తాత పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను క్యాతగానచెర్లు ఊరి దగ్గర సోలార్ పార్కు కంచె పక్కన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడి ఉన్నాను. అవి మెడలో వేలాడుతుండగానే తాత ఇంటికి పరుగెత్తాను. వాకిట్లో నాయన అన్న మొదటి మాట: "సావింటికాడ గూడా అదేనా? రీలు చేస్తావా ఏంది?"

మా ఇంట్లో నా సంగతి ఇంతే. కంచె దగ్గర నిలబడితే ఎవరితోనో మాట్లాడుతున్నానంటారు. గంటసేపు ఒకే హోరు వింటూ కూర్చుంటే, డిగ్రీ చదివి ఉద్యోగం రాక బుర్ర చెడిందంటారు. నేను చేసేది సంగీతం. పాట, తాళం లేకుండా ఒకే స్వరం మీద సాగుతుంది. శబ్దాలను రికార్డు చేసి, సాగదీసి, పొర మీద పొరగా పరుస్తాను. దాన్ని సంగీతమని మొదట అన్నది ఆ తాతే.

ఆయన భజన గుంపులో శ్రుతిపెట్టె వాయించేవాడు. పాడేవాళ్ళను ఊరంతా మెచ్చుకునేది. ఆయన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. "ఎవురికీ ఇనపడకపోతేనే శ్రుతి సరిగ్గా ఉన్నట్టు పాపా" అనేవాడు, నిష్ఠూరమేమీ లేకుండా.

ఆయన వేరుశనగ చేను ఇప్పుడు సోలార్ పలకల కింద ఉంది. మధ్యాహ్నాలు కంచె దాకా నడిచి, అవతల హోరుమనే ఇన్వర్టర్ల వైపు చెవి పెట్టేవాడు. నేనూ వెళ్ళేదాన్ని. పలకల మీద ఆకాశం పడుకుని ఉండేది. ఏదో పెద్ద జంతువు నిద్రలో మూలుగుతున్నట్టు, హోరు మా పాదాల కిందనుంచి వస్తున్నట్టుండేది. ఒకరోజు ఆయన సన్నగా గొంతు కలిపాడు.

"మా సేన్లో పంట మారినాది, అంతే. ఇప్పుడు 'స' పండుతాండాది."

ఆయన పెట్టె తిత్తికి చిల్లుపడితే సైకిల్ ట్యూబు ముక్కతో పంక్చరు వేసుకున్నాడు. అయినా తిత్తి మూసినప్పుడల్లా ఫుస్సుమని గాలి పోయేది. నేను మా వరండాలో ఆయన వాయింపు రికార్డు చేసి, ఆ ఫుస్సునూ ఆయన దగ్గునూ కంప్యూటర్లో శుభ్రంగా తుడిచి, గర్వంగా వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"బాగుండాది. ఎవురిది పెట్టె?"

"నీదే తాతా!"

"నాదెట్లయితాది? దీనికి ఊపిరే లేదు కదప్పా."

అప్పుడు చెప్పాడు. ఆ ఫుస్సు వచ్చినప్పుడే భజనలో అందరూ ఊపిరి తీసుకుంటారట. ఎవరూ అనుకుని చేసింది కాదు, ఏళ్ళ తరబడి అలా అలవాటైపోయింది. ఒకసారి కొత్త తిత్తి వేయిస్తానంటే పాడేవాళ్ళే వద్దన్నారట. సిగ్గుతో తలదించుకున్నాను. ఆయన మాత్రం నవ్వి, "మళ్ళా పట్టుకో, దగ్గుతా కూడా" అన్నాడు.

ఆ రెండో రికార్డింగు కింద ఇన్వర్టర్ల హోరు పరిచాను, మీద అమ్మ చాటలో కాయలు చెరిగే గలగల చల్లాను. వింటుంటే ఏది ఎక్కడ మొదలైందో తెలియదు. నీళ్ళలో తేలుతున్నట్టుంటుంది.

శ్రుతిపెట్టెను ఆయనతోపాటే చితి మీద పెట్టారు. ఆ శబ్దం ఇప్పుడు నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

"సచ్చినోళ్ళ గొంతు ఇంట్లో పెట్టుకుంటే వాళ్ళు యాడికీ పోలేరంట" అంటుంది అమ్మ. "పదకొండో దినం లోపల అదంతా తీసేయ్ మే. ఆయప్పను పోనీ."

అమ్మ భయం నిజమైనదే. తాత చివరి రోజుల్లో రోజూ గంజి కాచి తీసుకుపోయింది అమ్మే.

నిన్న మధ్యాహ్నం చిన్న స్పీకరు తీసుకెళ్ళి, కంచె దగ్గర తాత వాయింపు ఒక్కటే పెట్టాను. ఒక మబ్బు నీడ పలకల మీదుగా నెమ్మదిగా వచ్చింది. వరసలన్నీ ఒక్కొక్కటే నల్లబడ్డాయి, ఇన్వర్టర్ల హోరు సన్నగిల్లింది. కాసేపు అంత బయలులో తాత స్వరం ఒక్కటే నిలబడింది. నీడ దాటిపోయాక కింది హోరు మళ్ళీ లేచి ఆయన్ని తనలో కలుపుకుంది.

ఆ రికార్డింగులు నేను తీసేయడం లేదు.