పన్ను నొప్పి వాళ్ళ కవయిత్రి

పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని టోకెన్లు ఇచ్చే ఆవిడను అందరూ టోకెనమ్మ అనేవారు. ఆవిడ కవిత్వం రాస్తుందని ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో కూడా అదొక వేళాకోళమే. "అమ్మకి మూడ్ వచ్చిందంటే కూర మాడిందన్నమాటే" అనేది ఇంటర్ చదివే కూతురు. అందులో అబద్ధమేమీ లేదు. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో టోకెనమ్మకు ఉన్నట్టుండి ఏదో పూనేది. పొయ్యి మీద గిన్నె వదిలేసి, చేతికందిన కాగితం మీద గబగబా రాసేది. ఆ తర్వాత నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

ఒకరోజు కాలేజీనాటి స్నేహితురాలు ఫోన్ చేసి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, "అవునే, ఇంకా రాస్తున్నావా?" అని అడిగింది.

"రాయకేం!" అంది టోకెనమ్మ ఠక్కున. ఫోన్ పెట్టేశాక చివరిసారి ఎప్పుడు రాసిందో గుర్తుచేసుకోబోతే గుర్తు రాలేదు. మొహం మాడిపోయింది.

ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్. ఆ సాయంత్రం వరండాలో ఒక మిషన్ విప్పుకుని కుస్తీ పడుతున్నాడు. చక్రం కదలనంటోంది.

"బాగా వాడి అరగ్గొట్టినట్టున్నారు" అందామె.

"వాడి కాదు, వాడక. మూత పెట్టి మూలన పడేశారట. నూనె గడ్డకట్టి పట్టేసింది."

ఆమె పక్కనే పీట వాల్చుకుని కూర్చుంది. "నాదీ అదే రోగమండీ" అని స్నేహితురాలి ఫోన్ సంగతి చెప్పింది.

ఆయన చక్రం మీద నుంచి చెయ్యి తీయకుండానే అన్నాడు: "అయితే రోజూ తిప్పు. గుడ్డ లేకపోయినా తిప్పాల్సిందే. కుట్టు సంగతి తర్వాత."

మర్నాటి నుంచి టోకెనమ్మ క్లినిక్‌కు అరగంట ముందే రావడం మొదలుపెట్టింది. అప్పటికి లోపల నేల తుడిచే ఆయా ఒక్కతే ఉంటుంది.

"ఏంటమ్మా, పొద్దున్నే లెక్కలా?"

"లెక్కలు కాదు, కవిత్వం."

"అయ్యో! మందేమన్నా వాడుతున్నావా?" అంది ఆయా, నిజంగానే జాలిపడుతూ.

మొదటి రోజుల్లో ఒక్క ముక్క కదల్లేదు. కిర్రుమంటున్న ఫ్యాను మీద రాసింది, తడినేల మీద రాసింది. చదువుకుంటే తనకే నవ్వొచ్చింది. అయినా రాసింది చించకూడదనీ, రాయకుండా గల్లా తెరవకూడదనీ పట్టు పట్టింది. జ్వరం వచ్చిన రోజున మంచం మీదే, "ఇవాళ ఒళ్ళు నొప్పులు. ఇంతకు మించి కవిత్వం లేదు" అని ఒక్క ముక్క గిలికి పడుకుంది. అదీ లెక్కలోకే వేసుకుంది.

వానలు వెళ్ళి చలి మొదలయ్యే వేళకు చక్రం తిరగసాగింది. ఒక ఉదయం ఆమె ఎదురుచూడనే లేదు, ఇది వచ్చి కూర్చుంది:

లోపల గిర్రున తిరిగే చప్పుడు
నోట్లోకి పోకముందే
గుండెకు చిల్లు పెడుతుంది.
బయట కుర్చీలో కూర్చున్నవాడే
లోపలివాడి కంటే ముందు ఏడుస్తాడు.

దాని కింద ఇంకో నాలుగు లైన్లు, ధైర్యం చెబుతున్నట్టుగా రాసింది. రాసి పెట్టెలో దాచుకుంటే ఎవరి కోసం రాసినట్టు అనిపించింది. పేరు పెట్టకుండా, పెద్ద అక్షరాలతో తిరగరాసి, "ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోండి" అన్న కాగితం పక్కన, గోడబోర్డుకు గుచ్చింది. ఇక ఆ రోజంతా టోకెన్లు ఇస్తూనే, ఎవరి కళ్ళు అటు తిరుగుతాయా అని చూడటమే పని. ఎవరి ఫోన్లో వాళ్ళు మునిగి ఉన్నారు. మధ్యాహ్నం బుగ్గ వాచిన పెద్దాయన ఒకాయన మాత్రం లేచి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, రెండుసార్లు చదివాడు. పన్ను పీకించుకుని బయటికి వచ్చాక, నోట్లో దూదితోనే బోర్డు వైపు వేలు చూపించాడు.

"ఇగి ఎవలు లాశాలు?"

"నేనేనండీ" అంది ఆమె.

ఆయన ఏదో పెద్ద మాటే చెప్పబోయాడు కానీ దూది చెప్పనివ్వలేదు. చేతులు జోడించి వెళ్ళిపోయాడు. ఆ దణ్ణంతో ఆమెకు ఆ రోజు ఆకలి వేయలేదు.

రెండో రోజే డాక్టరు గారు లోపలికి పిలిచారు. "మీరు రాసింది చదివి ఒక పేషెంటు లేచి వెళ్ళిపోయిందట. నిజమేనా?"

"నిజమే మేడమ్."

"బాగానే రాశారు, కాదనను. కానీ ఇక్కడ కూర్చునేవాళ్ళు ముందే వణుకుతుంటారు. అది తీసేయండి. వేరేది ఏదైనా పెట్టుకోండి."

టోకెనమ్మ వెళ్ళి తీసేసింది. మనసు చివుక్కుమంది. బల్ల దగ్గర కూర్చుని ఆలోచిస్తే, బోర్డు విషయంలో మేడమ్ చెప్పింది సబబే అనిపించింది. అలాగని కవితది తప్పు కాదు, గోడ తప్పు. దానికి తగిన చోటు వెతకాలి, అంతే. బోర్డు మీద తడినేల కవిత పెట్టింది. గిర్రుమనే కవితను సంచీలో వేసుకుని, ఆదివారం గ్రంథాలయంలో కవులు కూడే చోటికి బయలుదేరింది.

ఆమె వంతు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. లేచి నిలబడి చదవడం మొదలుపెట్టింది. మొదటి లైను ఆమెకే వినపడలేదు.

"కొంచెం గట్టిగా అమ్మా" అన్నాడు సభ నడిపే లెక్చరర్.

క్లినిక్‌లో పళ్ళు తొలిచే మిషన్ హోరు మీదుగా వెనకమూల కుర్చీ దాకా కేకవేసి జనాన్ని పిలవడం రోజూ చేసే పనే కదా! ఆ గొంతుతోనే మళ్ళీ మొదటినుంచి అందుకుంది. గుమ్మం దాటబోతున్న ఇద్దరు ఆగి వెనక్కి తిరిగారు. చప్పట్లు కొట్టారు. అంతలో లెక్చరర్, "ఏడుస్తాడు అన్నచోటే కవిత అయిపోయిందమ్మా. ఆ తర్వాత మీరు ఓదార్చడం మొదలుపెట్టారు, ఎందుకు?" అన్నాడు.

బస్సులో దారి పొడవునా ఆయన్ని మనసులో కడిగిపారేసింది. ఇంటికెళ్ళి భర్తకు చెప్పుకుని మరీ తిట్టింది. తెల్లారి బల్ల ముందు కూర్చుని చదివితే, ఆ నాలుగు లైన్లూ అతుకేసినట్టే ఉన్నాయి. పెన్ను పెట్టి అడ్డంగా కొట్టేసింది. ఆ పైవారం పత్రికకు పంపింది. తిరిగొచ్చింది. ఇంకో పత్రికకు పంపింది. అక్కడ అచ్చయింది.

అప్పటినుంచి గ్రంథాలయం సభ తప్పలేదు. వెళ్ళిన ప్రతిసారీ కొత్తదొకటి చదివింది. కొన్నిటికి చప్పట్లు, కొన్నిటికి ఆవలింతలు. ఈ ఏడాది చిన్న పుస్తకం వేద్దామని కూర్చుంటే, టైపు చేయడానికి కూతురే ముందుకొచ్చింది.

"అమ్మా, ఈ జ్వరం ముక్క తీసెయ్యి. నవ్వుతారు."

"నవ్వనీ. అది ఉండాల్సిందే."

"ఒక్క లైనే కదమ్మా!"

"ఆ ఒక్క లైనూ రాయకపోయుంటే ఆ రోజే మానేసి ఉండేదాన్ని" అంది టోకెనమ్మ. కూతురు ఆ ముక్కనూ టైపు చేసింది.

పుస్తకం అచ్చయి, ఒక ఆదివారం గ్రంథాలయంలో పదిమంది చేతుల్లోకి వెళ్ళింది. సోమవారం ఉదయం తలుపులింకా పూర్తిగా తెరవకముందే, దవడ పట్టుకుని ఒకాయన లోపలికి తొంగి చూశాడు.

"కూర్చోండి బాబూ, ఒక్క లైను మిగిలింది" అని, ఆమె తల దించుకుని రాసుకుంటూ పోయింది.