చలిమంటకి అజెండా

చలిమంటకి కూడా అజెండా రాసిన మనిషిని నేను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. "ఉదయం ఏడు గంటలకు అధ్యక్షోపన్యాసం, పది నిమిషాలు. తర్వాత సభ్యుల అనుభవాలు, మనిషికి ఐదు నిమిషాలు. ఏడున్నరకు చర్చ, తీర్మానం. ఏడూ యాభైకి వందన సమర్పణ." అడుగున గీత గీసి సంతకం కూడా పెట్టాను.

నేను పెరిగింది హేతువాద సభల్లో. ముహూర్తాలు అవసరమా అన్న చర్చలో తొమ్మిదో తరగతిలోనే మైకు పట్టుకున్నాను. నలుగురు మనుషులు ఒకచోట చేరితే ఒకరు అధ్యక్షత వహించాలని, గంట కొట్టగానే మాట ఆపాలని నా నమ్మకం. నాకున్న మూఢనమ్మకం బహుశా అదొక్కటే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఆడపిల్ల ఆడపిల్లని, మగపిల్లాడు మగపిల్లాణ్ణి ప్రేమిస్తే అది జబ్బూ కాదు, పాపమూ కాదని నేనొక చిన్న పత్రికలో వ్యాసం రాశాను. తిట్లు వస్తాయనుకున్నాను. అవీ వచ్చాయి. కానీ వాటి మధ్య నాలుగు ఉత్తరాలు, కృష్ణకి అటూ ఇటూ ఉన్న నాలుగు ఊళ్ళ నుంచి, ఇరవై ఏళ్ళకి కాస్త అటూ ఇటూగా ఉన్న పిల్లలు రాసినవి వచ్చాయి. నలుగురూ ఒకే మాట రాశారు, "మా ఊళ్ళో నేనొక్కణ్ణే," "నేనొక్కదాన్నే" అని. ఒక్కొక్కరే ఉన్నవాళ్ళు నలుగురుంటే అది లెక్క తప్పినట్టు కదా. ఆ లెక్క సరిచెయ్యడానికి నేను ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి కంప్యూటర్ నేర్చుకున్నాను. చాట్ రూమ్ తెరవడం కూడా నేర్చుకుని, అందులోకి రమ్మని నలుగురికీ ఉత్తరాలు రాశాను. అందులో అందరం ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళం.

ఎవరూ పేర్లు చెప్పుకోకూడదనేది నియమం. ఊరి పేరే మనిషి పేరు. బందరు కుర్రాడు తెల్లవారకుండానే తండ్రితో రేవుకి వెళ్ళి చేపల వేలంలో నిలబడేవాడు. గుడివాడ అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. తెనాలి నుంచి వచ్చినామెని పుట్టినప్పుడు ఇంట్లోవాళ్ళు అబ్బాయన్నారు, ఆమె మాత్రం తను అమ్మాయినని మా దగ్గర మొదటిసారి చెప్పింది. ఊరి పేరుతో పిలిస్తే అబ్బాయా అమ్మాయా అన్న తగాదాయే ఉండదని ఆమెకి ఆ నియమం మహా ఇష్టం. నాలుగో ఊరు మంగళగిరి. చేనేత వాళ్ళ అమ్మాయి, పందొమ్మిదేళ్ళు. రూమ్‌లోకి రెండుసార్లే వచ్చింది. రెండోసారి ఒక్క వాక్యం కొట్టింది, "మీరందరూ నిజంగానే ఉన్నారా?" అని. మేం జవాబు చెప్పేలోపే వెళ్ళిపోయింది. ఆ తర్వాత కార్తీకం అంతా జాడ లేదు.

డిసెంబరు వచ్చింది. ఒక ఆదివారం అందరం ఒకే వేళకి కూడుదామని నేనే ప్రతిపాదించాను. అజెండా కూడా రూమ్‌లో కొట్టాను.

"అధ్యక్షా," అన్నాడు బందరు. నన్ను ఆటపట్టించాలంటే వాళ్ళు అలాగే పిలిచేవాళ్ళు. "చలికాలం కదండీ. చలిమంట చుట్టూ కూచున్నట్టు కూచుందాం. స్పీచ్‌లు వద్దు."

"చలిమంట కాడ వందన సమర్పణ ఎవరు చేస్తారంట? పుల్లలు వేసినోడా?" అంది తెనాలి.

"కంప్యూటర్‌లో చలిమంట ఏమిటి?" అన్నాను.

గుడివాడ దారి చూపించింది. "అందరం ఒకే టైముకి ఒకే పదార్థం వేడిగా తిందామండీ. ధనుర్మాసం కదా, పొద్దున ఆరింటికి ఏ ఊరి గుళ్ళోనైనా పొంగలి పెడతారు. పైగా ఆ నెలలో గుడికని చెప్పి చీకటితో బయల్దేరినా ఇంట్లో ఎవరూ ఎక్కడికని అడగరు."

దేవుడి ప్రసాదం చుట్టూ మన సభా అని నేను గట్టిగా అభ్యంతరం చెప్పాను. ఓటింగ్ పెట్టాను. మూడు ఓట్లు ఒకవైపు, ఒక ఓటు ఒకవైపు. ప్రజాస్వామ్యాన్ని గౌరవించి ఊరుకున్నాను.

గుణదలలో మా అద్దె ఇంట్లో నాతో ఒకావిడ ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. అప్పటికి పద్ధెనిమిదేళ్ళుగా కలిసి ఉంటున్నాం. లోకానికి స్నేహితురాళ్ళం. ఆ మాట అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. నా వ్యాసంలో నేను "వారి హక్కులు" అనే రాశాను, "మా" అని రాయలేదు. పిల్లలకీ చెప్పలేదు. అధ్యక్షోపన్యాసంలో తర్కబద్ధంగా, మూడు భాగాలుగా చెబుదామనుకున్నాను.

ఆవిడ భక్తురాలు. ఆవిడ పూజ గది మీద నేను విసిరిన వ్యంగ్యాలు పోగేస్తే పుస్తకమవుతుంది. ఆవిడ పోరు నా చెవుల గురించి. చలికాలం రాగానే మఫ్లర్ పట్టుకుని వెంటపడేది.

"చెవుల్లోంచి చలి దూరి జలుబు చేస్తుందనడానికి ఆధారం ఏదీ?" అనేదాన్ని.

"నీ ముక్కే ఆధారం. కట్టుకోవే తల్లీ," అనేది.

సభ ఏర్పాట్లు నిజానికి ఆవిడే చేసింది. ఆ రోజుల్లో కరెంటు కోత ఒక్కో ఊళ్ళో ఒక్కో వేళ. నాలుగు ఊళ్ళ ఎక్స్ఛేంజిల్లోనూ ఆవిడకి స్నేహితురాళ్ళున్నారు. నైట్ డ్యూటీ దిగేముందు ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి, "మీకెప్పుడు పోతుంది, ఎప్పుడొస్తుంది?" అని అడిగి, అట్ట మీద పట్టిక గీసి తెచ్చింది. అన్ని ఊళ్ళలోనూ దీపం ఉండే గంట ఒక్కటే తేలింది, ఏడు నుంచి ఎనిమిది. బందరు వేలం ఆరున్నరకే అయిపోతుంది. చేపల వాసనతో గుళ్ళోకి పోనని, చెల్లెలితో పొంగలి తెప్పించుకుంటానని అతనన్నాడు. ముగ్గురూ తమ ఊళ్ళ సెంటర్ల వాళ్ళని బతిమాలి పెందలాడే తెరిచేలా ఒప్పించారు.

అంతా కుదిరిందనుకున్నప్పుడు, సభ గురించి నేను పంపిన కబురుకి జవాబుగా మంగళగిరి నుంచి ఉత్తరం వచ్చింది. నెట్ సెంటర్లలో తలుపులున్న గదులుంటాయని ఎవరో చెబితే వాళ్ళ నాన్న అటు వెళ్ళొద్దన్నాడట. ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్ళాలన్నా పెద్దావిడ ఎవరైనా తోడుండాలి. చివర ఇలా రాసింది: "ఆ రోజు నేను లేకపోయినా మా ఊరి పేరు ఒకసారి తలుచుకోండి. మీరు ఉన్నారో లేదో నాకింకా తెలీలేదు." కింద ఇంటి గుర్తులు చెప్పి, ఎప్పుడైనా చీరలకి రమ్మని రాసింది.

ముగ్గురికీ ఉత్తరం సంగతి చెప్పాను. "మంగళగిరి లేకపోతే మంటే వద్దండీ," అన్నాడు బందరు. మిగతా ఇద్దరూ అదే అన్నారు. ఈసారి ఓటింగ్ పెట్టలేదు.

శనివారం మధ్యాహ్నం మేమిద్దరం చీరల వంకతో మంగళగిరి వెళ్ళాం. వాళ్ళ ముందుగదిలోనే గుంట మగ్గం. ఆ అమ్మాయి తండ్రి మగ్గం ఆపి లేచాడు. అమ్మాయి చీరలు తెచ్చి మా ముందు పరిచింది. ఒక్కసారి తలెత్తి నన్ను చూసింది, వెంటనే తల దించుకుంది. పత్రికలో నా ఫొటో చూసి ఉంటుంది.

ఆవిడ ఒక చీర పక్కన పెట్టుకోగానే నేను దారిలో వల్లించిన మాట చెప్పాను. "రేపు తెల్లారుజామున మీ గుడికి వద్దామనుకుంటున్నామండీ. ఊరు కొత్త. అమ్మాయిని కాస్త తోడు పంపగలరా?"

ఆయన నన్ను తేరిపార చూశాడు. "మిమ్మల్ని నేనెరుగుదునమ్మా. రెండేళ్ళ కింద మా నాలుగు రోడ్ల కాడ మైకు పెట్టి మాట్లాడలా? కొండమీద సావి నోట్లో పోసిన పానకం ఎటు పోతందో చెబుతానన్నారు."

"అవునండీ."

"చెప్పలేదుగా! గంట కొట్టారని సగంలో దిగిపోయారు."

ఆ సభ నియమాల్ని నేను మొదటిసారి మనసులో తిట్టుకున్నాను.

"మీ మాటలు నేనొప్పుకోను. ఒక్కటి మాత్రం మెచ్చుకున్నా, ఈవిడ లోపలొకటి పైకొకటి మాట్టాడే మనిషి కాదని. అట్టాంటి మీరు ధనుర్మాసంలో గుడికొస్తామంటే... ఏందమ్మా సంగతి?"

ఇరవై ఏళ్ళుగా వేదికల మీద ఎవరికీ జవాబు బాకీ పడని నేను, ఆ చీర ధరెంతని అడిగాను. చీర మడతపెడుతున్న అమ్మాయి చేతులు ఆగిపోయాయి.

"ఆవిడ రాదులెండి," అంది మా ఆవిడ. "నేనొస్తాను. ధనుర్మాసంలో స్వామిని చూడాలని ఎన్నేళ్ళ నుంచో అనుకుంటున్నా, ఈవిడ గారి ఎగతాళికి జడిసి రాలేదు. ఫస్టు బస్సుకి దిగుతాను. గుడి అయ్యాక నా స్నేహితులతో కాసేపు మాట్లాడే పనుంది, అప్పుడూ అమ్మాయి నా పక్కనే ఉంటుంది. ఎనిమిది దాటకుండా తెచ్చి మీ గుమ్మంలో దింపుతా. నాదీ పూచీ."

ఆయన ఆవిడ బొట్టు వంకా, నా మొహం వంకా చూసి నవ్వాడు. "మీరొస్తే పంపుతానండీ. ఈవిడొస్తే మాత్తరం పంపను."

తిరుగు బస్సులో, కృష్ణ బ్యారేజీ మీద గాలి కోస్తుంటే, నేను వాదన ఎత్తుకున్నాను. "ఇది అబద్ధం కాదా?"

"నేను నిజంగా గుడికి వెళ్తున్నా. నిజంగా దణ్ణం పెట్టుకుంటా. పొంగలి తీసుకుని అప్పుడే సెంటర్‌కి వెళ్తా. నువ్వూ ఆ పిల్లలూ నా స్నేహితులు కారూ? అబద్ధమాడబోయింది నువ్వు. అదీ సరిగా రాదాయె," అంది ఆవిడ, మఫ్లర్ నా ఒళ్ళో పడేస్తూ.

మర్నాడు నేను లేచేసరికి ఆవిడ వెళ్ళిపోయింది. చిలక్కొయ్యకి మఫ్లర్ వేలాడుతోంది. సూత్రం కొద్దీ దాన్ని ముట్టుకోలేదు. బల్ల మీద స్టీలు డబ్బా ఉంది. అది పట్టుకుని గవర్నర్‌పేటలో నాకలవాటైన సెంటర్‌కి వెళ్ళాను. డబ్బా మూత తీస్తే మిరియాలూ నెయ్యీ గుప్పుమన్నాయి. మూత లోపల చిన్న చీటీ: "ఇంట్లో వండింది. నైవేద్యం పెట్టలేదు. నిర్భయంగా తిను."

ఏడింటికి బందరు వచ్చాడు, తర్వాత గుడివాడ, తెనాలి. "మా పొంగలిలో జీడిపప్పు ఒక్కటే పడిందండీ, దాన్ని చూస్తూ తింటున్నా," అంది తెనాలి. గుడివాడ వాళ్ళమ్మమ్మ దుప్పటి కప్పుకొచ్చిందట. చేతులు కడుక్కున్నా కీబోర్డు పులస వాసనేస్తోందన్నాడు బందరు. ఈ కాలంలో పులసెక్కడిదని తెనాలి దెబ్బలాటకి దిగింది. అజెండా నా చేతిలోనే ఉంది. దాని జోలికి పోలేదు. ఏడూ పది అయింది. మంగళగిరి రాలేదు. మెల్లగా మాటలు పలచబడ్డాయి. పొంగలి చల్లారిపోతోందని ఒకరు, ఇంకో ముద్ద ఆపి ఉంచానని ఒకరు. ఏడుంబావు. వాళ్ళ నాన్న మనసు మార్చుకున్నాడేమో, సెంటర్ తెరవలేదేమో. తెర మీద ఏమీ కదలడం లేదు. నేను నమ్మని దేవుణ్ణి కాదు గానీ, ఆవిణ్ణి తలుచుకున్నాను.

ఏడూ ఇరవైకి "మంగళగిరి" అన్న మాట తెర మీద వెలిగింది.

"వచ్చాను. గుళ్ళో వరస పెద్దగా ఉంది. పొంగలి ఇంకా వేడిగానే ఉంది."

ముగ్గురూ ఒకేసారి ఏవేవో కొట్టారు. అక్షరాలు ఒకదాని మీదొకటి పరుగెత్తాయి. నేను నా ఉపన్యాసంలోని మొదటి వాక్యం కొట్టబోతుంటే మళ్ళీ మంగళగిరే:

"మేడమ్, ఆంటీ నా పక్కన కూచున్నారు. మిమ్మల్ని ఒకటి అడగమంటున్నారు. మఫ్లర్ కట్టుకుందా అని."

"లేదని చెప్పమ్మా," అన్నాను. వేదిక మీదైనా తెర మీదైనా నిజమే చెప్పాలి.

"నాకు తెలుసు అంటున్నారు. పద్ధెనిమిదేళ్ళుగా ఇంతేనట."

తర్వాత గుడివాడ నెమ్మదిగా అడిగింది. "అధ్యక్షా... మీరూ, ఆంటీ గారూనా?"

మూడు భాగాల ఉపన్యాసం మడతపెట్టి చేతిసంచిలో పెట్టేశాను. "అవును," అని కొట్టాను.

"పద్ధెనిమిదేళ్ళూ మఫ్లర్ గురించేనా?" అంది మంగళగిరి. అది ఆ పిల్ల మొదటి జోకు. బందరు నవ్వు గుర్తులతో తెరంతా నింపేశాడు. తెనాలి ఆ ఒక్క జీడిపప్పూ అప్పుడు తిన్నానని ప్రకటించింది. ఆ తర్వాత వాళ్ళు నన్ను అడిగినవేవీ అజెండాలో లేనివి. ఇంటి అద్దెకి ఎవరి పేరు చెబుతారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, వంట ఎవరిది, పోట్లాడుకుంటే ఎవరు ముందు మాట్లాడతారు. సగం జవాబులు మంగళగిరి నుంచి ఆవిడ చెప్పించింది, అన్నీ నాకు వ్యతిరేకంగానే.

ఏడూ యాభైకి మంగళగిరి, "ఆంటీ లేవమంటున్నారు. నాన్నకి మాటిచ్చారు కదా," అంది. వెళ్ళేముందు ఇంకో వాక్యం కొట్టింది. "మీరు ఉన్నారు."

తొమ్మిదింటికి ఆవిడ ఇల్లు చేరింది. అప్పటికి నేను ఆరోసారి తుమ్మాను. ఆవిడ చూసీ చూడనట్టు మఫ్లర్ తీసి నా మెడకి చుట్టింది. నేను తలొంచాను.

"ఎనిమిదికి ఐదు నిమిషాలుండగానే గుమ్మంలో దింపాను," అంది. "ధనుర్మాసం అయ్యేదాకా ప్రతి ఆదివారం పంపుతానన్నాడు ఆ పిల్ల నాన్న. నిన్ను కూడా వెంట తీసుకురమ్మన్నాడు."

"గుడికా?"

"గుడికి కాదులే. మేం గుడికెళ్ళొచ్చేదాకా నువ్వు ఆయన మగ్గం దగ్గర కూచుని పానకం ఎటు పోతుందో పూర్తిగా చెప్పాలట. రెండేళ్ళ నుంచి ఆయనకి అదే ఆలోచనట."

నేను కాగితం, కలం తీసుకున్నాను. "టైమెంతిచ్చాడు?" అని అడిగాను.