ఇసాకు రెండుసార్లు అతికిన కారు

హోంమా ఇసాకు షెడ్డులో ఎవరూ గట్టిగా కదలరు. కదిలితే దారాలు ఊగుతాయి.

కారుకి అటొకటి ఇటొకటి, రెండు దారాలు. చేపల వలలు అల్లే తెల్ల దారం. ముందో కర్రకీ వెనకో కర్రకీ కట్టి, చక్రాల నడుముకి సమానంగా బిగిస్తాడు. చక్రాలు ఎటు చూస్తున్నాయో చెప్పే కంప్యూటర్లు సకాతా ఊళ్ళో చాలాచోట్ల ఉన్నాయి. ఇసాకు వాటిని తిట్టడు, పొగడడు. స్టూలు మీద కూర్చుని, ఒక కన్ను మూసి, దారం వెంట అలా చూస్తూ ఉంటాడు. తలుపు సందులోంచి ఎండ పడితే దారం వెలుగుతుంది, మబ్బు పడితే మాయమైపోతుంది. బయట ఇసుక దిబ్బలు, వాటి వెనక సముద్రం మోత. కాసేపు అక్కడ కూర్చుంటే ఎదురుగా ఉన్నది కారో, రేవులో కట్టేసిన పడవో తెలీదు.

నేను ఈ చుట్టుపక్కల షెడ్లకి విడిభాగాలు చేరవేసే వ్యాన్ నడుపుతాను. నా దారిలో ఇసాకు షెడ్డు ఆఖరిది. అక్కడికి వెళ్తే లేవబుద్ధి కాదు.

ఆయనకి డెబ్బై ఒకటి. వయసులో ఉండగా పడవలు కట్టేచోట ఇరవై ఏళ్ళు వెల్డింగ్ చేశాడు. తను అతికిన పడవల్లో ఒక్కటి కూడా ఎక్కలేదు. "నీళ్ళంటే నాకు భయంరా, కాబట్టే గట్టిగా అతికాను" అంటాడు. కొత్త కార్లు ముట్టడు. పాతవాటి కింద దూరి వెల్లకిలా పడుకుంటే మాత్రం గంటలు తెలీవు. అప్పుడప్పుడూ మాటలు వినిపిస్తాయి. ఇనుముతో మాట్లాడతాడో, నిద్రలో మాట్లాడతాడో నేనెప్పుడూ అడగలేదు.

మార్చి మొదట్లో సుగావారా తొమియె కారు వచ్చింది. తెల్ల కారు, ఇరవై తొమ్మిదేళ్ళది, వెనక చక్రాలతో నడిచే రకం. తొమియెకి డెబ్బై నాలుగు. దిబ్బల అవతల తొమ్మిది ఇళ్ళ పల్లె ఆవిడది. అక్కడ కారు నడిపే మనిషి ఇప్పుడు ఆవిడొక్కతే. పక్కింటి ముసలమ్మ కిసా, ఎదురింటావిడ ఫుమియొ ఆస్పత్రికి వెళ్ళాలన్నా, వేన్నీళ్ళ బుగ్గలో స్నానానికి వెళ్ళాలన్నా ఆ కారే.

"ఒరే ఇసాకూ, నేను ముందుకి పొమ్మంటే ఇది తోక పక్కకి తిప్పుతోందిరా" అంది దిగుతూనే.

"ముసలిదైపోయింది అక్కా."

"నేను కాలేదుగా! నెలాఖరుకి సర్కారు తనిఖీ ఉంది. బాగు చెయ్యగలిగితే చెయ్యి. లేదంటే చెప్పు, తుక్కుకి ఇచ్చేసి లైసెన్సు కూడా తిరిగిచ్చేస్తా. ఇంకో కారు కొనే వయసా నాది?"

ఇసాకు టార్చి తీసుకుని కారు కిందికి దూరాడు.

ఎడమవైపు వెనక చక్రాన్ని మోసే చెయ్యి లాంటి కమ్మీ ఒకటుంటుంది. ఆ కమ్మీని కారు ఒంటికి పట్టి ఉంచేది ఒక ఇనప చెవి. చెవికి పొడుగాటి కన్నం. అందులో బోల్టు తిప్పితే చక్రం కొద్దిగా అటో ఇటో చూస్తుంది. మా రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఇరవై తొమ్మిది చలికాలాల ఉప్పు ఆ చెవిని తినేసింది. బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది, కన్నం చిరిగిపోయింది. ఇసాకు వేలితో పొడిస్తే తుప్పు రేకులు రేకులుగా ఆయన మొహం మీద రాలింది.

నాలుగు రోజులు పట్టింది. పెట్రోలు ట్యాంకు దించాడు. బోల్టు కోశాడు. పోయిన ఇనుమంతా మంచి ఇనుము తగిలేదాకా గీకి, మందపాటి రేకుతో కొత్త చెవి చేశాడు. ట్యాంకు తిరిగి ఎక్కించి, కారుని నేలమీద నిలబెట్టి, దారాలు కట్టి, కొత్త చెవి ఎక్కడ కూర్చోవాలో సుద్దతో గీశాడు. తరవాత మళ్ళీ ట్యాంకు దించి అతికాడు. నీలం వెలుగు షెడ్డు గోడల మీద వాన నీడలా ఆడింది.

"వెనక కొంచెం కిందికి కూర్చుంది కదూ?" అన్నాడు ఒకసారి.

"స్ప్రింగులు చచ్చిపోయుంటాయి" అన్నాన్నేను.

"అంతేలే. వయసు."

తొమియె వచ్చి నడిపి చూసింది. గీత గీసినట్టు పోయింది. ఊరగాయ ముల్లంగి ఒక డబ్బా నిండా ఇచ్చి వెళ్ళింది.

రెండు వారాలకి, చలికాలానికని వచ్చిన హంసలు ఉత్తరానికి లేచిపోయాయి. ఆ మర్నాడే, తనిఖీ ఇంకా మూడు రోజులుందనగా, తెల్ల కారు పీతలా పక్కకి నడుస్తూ షెడ్డు ముందుకొచ్చి ఆగింది.

"ఏం అతికావురా? జిగురుతో అతికావా?"

ఇసాకు కారు చుట్టూ తిరిగాడు. వెనక భాగం ఎత్తుగా ఉంది. డిక్కీ తెరిచాడు. ఖాళీ. అలా చూస్తూ నిలబడిపోయాడు.

"అక్కా, ఇసుక ఎప్పుడు తీశావ్?"

"నిన్న. హంసలు పోయాక తియ్యరూ?"

మా వైపు మంచు కాలంలో ఇలాంటి కారు డిక్కీలో రెండు బియ్యం సంచుల నిండా దిబ్బ ఇసుక వేస్తారు. బరువు లేకపోతే వెనక చక్రాలు మంచు మీద జారతాయి. అందరూ వేస్తారు, కాబట్టి ఎవరికీ కనపడదు. నాలుగు రోజులూ ఆ సంచులు ఆయన ముక్కు ముందే ఉన్నాయి, నా ముక్కు ముందు కూడా. అరవై కిలోలు నొక్కి పెట్టిన కారుని కొలిచి, దానికి సరిగ్గా అతికాడు. బరువు దిగింది, కారు లేచింది, చక్రం చూపు మారింది. బోల్టు కన్నం చివరిదాకా తిప్పినా చాల్లేదు.

"స్ప్రింగులట, స్ప్రింగులు" అన్నాడు నా వైపు చూడకుండానే. "కాలేజీలో అదే నేర్పారా?"

"అది నేర్పకముందే మానేశాను."

ఆయన కిందికి దూరి, చిన్న సుత్తితో ఇనుము మీద అక్కడక్కడా కొట్టి విన్నాడు. చాలాసేపు. బయటికొచ్చి తొమియె ముందు నిలబడ్డాడు.

"తప్పు నాది అక్కా. కోసి మళ్ళీ అతకాలి. ఈ ఇనుము ఇంకొక్కసారే వేడి తట్టుకుంటుంది. ఆ తరవాత కాగితమే."

"ఈసారీ తప్పితే?"

"తుక్కు కొట్టుకి నేనే తోలుకెళ్తా."

తొమియె కారు పైకప్పు మీద చెయ్యి వేసింది.

"ఇందులో ఎక్కువగా ఎవరు కూర్చుంటారు?" అడిగాడు ఇసాకు.

"నేను. వెనక కిసా, ఫుమియొ."

"రేపు పొద్దున్నే ముగ్గురూ రండి."

పొద్దున్నే ముగ్గురూ నా వ్యానులో దిగారు, ఎక్కడికో ఊరెళ్తున్నట్టు టీ ఫ్లాస్కుతో సహా. కదలని కారులో ఎక్కి కూర్చున్నారు. ఇరుపక్కలా దారాలు.

"ఫుమియొ అమ్మా, ఊపిరి మెల్లిగా" అన్నాడు ఇసాకు, కారు కింద తవ్విన గుంతలోంచి.

"నా బరువెంతో నీకెందుకురా?"

"నాకొద్దు, చక్రానికి కావాలి."

"చక్రానికి మాత్రం చెప్పు, వీడికి చెప్పకు" అంది కిసా.

పొగమంచు తలుపులోంచి నేల మీదుగా లోపలికి పాకింది. కాసేపటికి కిసా కునుకు తీసింది, ఆవిడ భుజం మీద ఫుమియొ. తొమియె రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి ఎదురుగోడని చూస్తోంది, అక్కడేదో పొడుగాటి రోడ్డు ఉన్నట్టు. దారాలు కూడా నిలిచిపోయాయి. గుంతలోంచి సుద్ద గీసిన చప్పుడు.

తరవాత వాళ్ళని దింపి, ట్యాంకు దించి, పాత అతుకు కోసి, రెండు చుక్కలు అతికి, ట్యాంకు బిగించి, మళ్ళీ వాళ్ళని కూర్చోబెట్టి చూశాడు. ఇసుక సంచులు వేసి చూశాడు. తీసి చూశాడు. చలికాలానికి బోల్టు కన్నానికి ఆ చివర, ఎండాకాలానికి ఈ చివర సరిపోయేలా కుదిరింది. అప్పుడు మళ్ళీ ట్యాంకు దించి, మొత్తం అతికాడు. మధ్యమధ్య చల్లారనిస్తూ, ఒక్కో వేలెడంత. సాయంత్రానికి సుత్తితో కొట్టి విని, "పో అక్కా" అన్నాడు.

దిబ్బల పక్క రోడ్డు మీద కారు ముందు, నా వ్యాన్ వెనక. నా పక్కన ఇసాకు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కొంత దూరం పోయాక ముందు కారు వెనకద్దంలోంచి రెండు చేతులు పైకి లేచి కనిపించాయి. తొమియె స్టీరింగు వదిలేసింది. కిసా, ఫుమియొ అరిచిన అరుపు నాకు వినపడింది. కారు మాత్రం ఎటూ ఒరగలేదు. తెల్లటి కారు తెల్లటి పొగమంచులోకి తిన్నగా పోతూనే ఉంది.

"కళ్ళు తెరవండి" అన్నాన్నేను.

"నువ్వు చెప్పు చాలు."

"తిన్నగా పోతోంది."

శుక్రవారం తనిఖీ దాటింది. అద్దం మీద కొత్త బిళ్ళ అంటించుకుని తొమియె తిన్నగా షెడ్డుకే వచ్చింది.

"ఇంకో రెండేళ్ళు ఇచ్చారు" అంది.

"ఆ తరవాత నేను మాటివ్వలేను అక్కా."

"నిన్నెవడు అడిగాడు? జరుగు, కిసాని కళ్ళ డాక్టరు పదింటికి రమ్మన్నాడు."